పద్దెనిమిదో అడుగు

మా మనవరాలికి రేపు ఆటల పరీక్షంట. పొద్దున్నుంచి పుస్తకం ముందరేసుకొని, ముందుకీ ఎనక్కీ ఊగుతా బట్టీ కొడతాంది. ఖోఖో కోర్టు పొడుగెంత, వెడల్పెంత, రెండు పోళ్ల నడుమ దూరమెంత, అదే పాట. రంగుల పుస్తకం, అట్ట మీద పరిగెత్తే పిల్లల బొమ్మ. దాని బడేమో నాలుగంతస్తుల మిద్దె. కింద బస్సులు నిలబెట్టుకునే జాగా తప్ప కోడిపిల్ల పరిగెత్తేదానికి కూడా చోటు లేదు. ఎప్పుడన్నా ఖోఖో ఆడినావామే అని అడిగితే, "ఆడలేదవ్వా, సిలబస్‌లో ఉంది" అనె. నాకు నవ్వూ వచ్చె, కోపమూ వచ్చె. కోపం నాకెప్పుడూ ముందరే వస్తుంది, ఈ వయసులో దాన్ని మార్చేదెవరు.

పుస్తకం ఇట్లియ్యి అని గుంజుకొని అద్దాలు పెట్టుకున్నా. కోర్టు పటం ఎంత నీటుగా గీసినారో. రెండు కొసల్లో రెండు పోళ్లు, నడుమ ఎనిమిది గడులు. నా వేలు పోలు నుంచి పోలుకు గీసిన గీత మీద ఆగిపాయ. ఆ కొలత నాకు పుస్తకం చూడకుండా తెలుసు. నలభై ఏళ్లు దాటినా మరిచిపోలేదు. ఎందుకంటే ఆ కొలతను ఒక ఏడాది మేము తప్పినాము, తప్పించింది నేనే.

నేను అప్పుడు తొమ్మిదో తరగతి. మాది ఎమ్మిగనూరులో నేసేవాళ్ల ఇల్లు. వీధిలో అడుగుపెడితే రెండు పక్కలా మగ్గాల చప్పుడు, పులిసిన గంజి వాసన. ఆ వాసన మా బట్టల్లో, తలవెంట్రుకల్లో, అన్నం తినే చేతుల్లో కూడా ఉంటాండె. బడికి పోతే పక్క బెంచీ పిల్లలు ముక్కు మూసుకుంటాండ్రి. మా ఇంట్లో ఆడపిల్ల అంటే బడికి పోయేముందర ఇన్ని కండెలు, వచ్చినాక ఇన్ని దారం కండెలు రాట్నం మీద చుట్టాల్సిందే. చుట్టకుండా జారుకుంటే మా జేజి, అంటే మా నాయనమ్మ, మూలనుంచే పేరు పెట్టి పిలిచేది. ఆమెకు కండ్లు సరిగ్గా కనపడవు గానీ, రాట్నం ఆగితే మాత్రం ఆ క్షణమే తెలిసిపోయేది.

బడిలో డ్రిల్లు పీరియడంటే అప్పటిదాకా ఒక లెక్క. లెక్కల సారు వచ్చి ఆ పీరియడు గుంజుకునేవాడు. ఆయన రాకపోతే మేము బెంచీలు మోసేది, గడ్డి పీకేది. ఆ ఏడాది కొత్త డ్రిల్లు సారు వచ్చినాడు. కోస్తా దిక్కు, కింది జిల్లాల మనిషి. తెల్ల బూట్లేసుకొని, వాటికి రోజూ సుద్దముక్క రుద్దుకొని వచ్చేవాడు. మొదటి రోజే మమ్మల్ని మైదానానికి తోలుకపోతాడనుకుంటే, బోర్డు మీద పెద్దక్షరాలతో ఆట కూడా ఒక పాఠమే అని రాసి, రేపట్నుంచి దీనికొక నోటు పుస్తకం తెచ్చుకోండి అన్నాడు. క్లాసంతా గొల్లున నవ్వినాము.

ఆ మాట ఇంట్లో చెప్తే మా నాయన మగ్గం గుంతలో కూచొనే నవ్వినాడు. ఆటకు నోట్సంట, పరీక్షంట, రేపు నిద్రపోయేదానికి కూడా మార్కులేస్తారేమో, అట్లయితే మీ తమ్ముడు ఫస్టొస్తాడు అన్నాడు. సారు మాత్రం తగ్గలేదు. హెడ్మాస్టరుతో వాదించి, ఆ ఒక్క ఏడాదికి ఒప్పించుకున్నాడు. యాభై మార్కులు, ప్రోగ్రెస్ కార్డులో సోషలు కింద చేత్తో గీసిన ఇంకో గీత. గుండె ఎట్లా కొట్టుకుంటాది, మోకాలు ఎట్లా మడుచుకుంటాది, గాలి ఎట్లా పీల్చాల, అన్నీ రాయించేవాడు. త్రైమాసిక పరీక్షలో ఖోఖో వల్ల ప్రయోజనాలు రాయమని అడిగితే, ఆకలి బాగా అయితాది, ఇంట్లో తిట్లు తినే శక్తి వస్తాది అని రాసినా. సారు దానికి నిండా మార్కులేసి పక్కన టిక్కు పెట్టినాడు. నాకు లెక్కల్లో ఎప్పుడూ అన్ని మార్కులు రాలేదు.

ఆ సబ్జెక్టులో బడికంతా ఫస్టు మాత్రం నేను కాదు, మా కెప్టెను. పేరు చెప్పను, అందరం కెప్టెననే పిలిచేది. పక్క వీధిలో దూదేకి పరుపులు కుట్టేవాళ్ల పిల్ల. వాళ్ల నాయన విల్లులాంటి దూదేకే బద్ద కొడతాంటే ఆ జుమ్ జుమ్ శబ్దం మా మగ్గాల చప్పుడు నడుమ వేరేగా వినపడేది. ఆ పిల్ల తలలో ఎప్పుడూ దూదిపింజలుంటాండె. లెక్కల్లో సున్నా, ఇంగ్లీషులో సున్నాకు ఇంకొంచెం పైన. ఆటల నోట్సు మాత్రం ముత్యాలు పేర్చినట్లు రాసేది. పరిగెత్తిందంటే ఇంక చూడాల.

వాళ్ల నాయన మంచోడే గానీ, ఎనిమిదో తరగతి అయిపోయినప్పుడే బడి మాన్పించాలనుకున్నాడు. పరుపులు కుట్టేదానికి ఇంట్లో చేతులు చాలవు. డ్రిల్లు సారు వాళ్లింటికి పోయి, దూది నడుమ కూచొని మాట్లాడినాడు. మాఘంలో ఆదోనిలో పోటీలున్నాయి, ఆడ బాగా ఆడిన పిల్లలను జిల్లాకు ఎంచుకుంటారు, ఎంచుకుంటే కర్నూలు హాస్టలులో పెట్టి చదివిస్తారు, ఒక్క పైసా ఇయ్యనక్కర్లేదు అని చెప్పినాడంట. ఆయన చాలాసేపు ఆలోచించి, అట్లయితే ఆదోని దాకా చూస్తాను సారూ, ఆ పొద్దు ఎంచుకుంటే సదువుకోనీ, లేదంటే సూది పట్టుకోనీ అన్నాడు. కెప్టెనుకు ఆ ఏడాదంతా ఆ ఒక్క పొద్దు మీదే నిలబడింది. మాకందరికీ అది తెలుసు.

ఇప్పుడు దారం సంగతి చెప్పాల. మా బడి మైదానం పొద్దున పూట మాది కాదు, నేసేవాళ్లది. మగ్గానికెక్కించే పోగులన్నీ బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాల. దాన్ని పడుగు అంటాము. మా వీధి ఇరుకు, పడుగు సాగదీస్తే మనుషులు పోయేదానికి దారి ఉండదు. అందుకని తెల్లారకముందే మైదానంలో గుంజలు పాతి పడుగులు సాగదీసేవాళ్లు. బడి గంట కొట్టేటప్పటికి చుట్టుకొని పోయేవాళ్లు. వాళ్లకు అడ్డం రాకుండా మేము మా ఖోఖో పోళ్లు రోజూ సాయంత్రం పీకి పెట్టాల, మళ్లీ మర్నాడు పాతుకోవాల. పాతాలంటే రోజూ కొలవాల.

బడిలో టేపు లేదు. సారు ఆదోని నుంచి ఒక రోజుకు టేపు అడుక్కొచ్చి, పోలుకు పోలుకు సరిగ్గా కొలిచి, ఆ కొలతకు ఒక దారం కావాలన్నాడు. నేను మా నాయన్నడిగి, గట్టి పోగులు నాలుగు కలిపి పురి పెట్టిన దారం తెచ్చినా. సారు దాన్ని టేపు పక్కన పరిచి సరిగ్గా తెంపి, చుట్ట చుట్టి నా చేతికే ఇచ్చినాడు. నేసేవాళ్ల పిల్లవి, దారాన్ని నువ్వు కాపాడినట్లు ఇంకెవరు కాపాడతారు అన్నాడు. నాకు ఆ మాటతో ఒళ్లు పొంగిపాయ. రోజూ దాన్ని పరికిణీ ముడిలో పెట్టుకొని తిరిగేదాన్ని.

మాకు ఆడే బట్టలు కూడా లేవు. పరికిణీలు ఎగ్గట్టి ఆడితే పెద్దోళ్లు ఒప్పుకోరు. కెప్టెను వాళ్ల నాయన మిగిలిన పరుపు గుడ్డ ముక్కలతో తొమ్మిదిమందికీ లొడలొడ పైజామాలు కుట్టిచ్చినాడు. నీలం చారల గుడ్డ, గట్టిగా పెళపెళలాడేది. కూచుంటే కాళ్లు మడిచేదానికి వచ్చేది కాదు. నాలుగు ఉతుకులయినాక మెత్తబడె. అవి తొడుక్కొని మైదానంలో వరసగా కూచుంటే మా తమ్ముడు గోడమీద నుంచి పరుపులెంతకిస్తారని అరిచేవాడు.

దసరా సెలవులకు కొంచెం ముందర దారం మొదటిసారి తెగింది. పోలు గుంతలో రాయి ఉండె, దాని మొనకు ఒరుసుకొని పుటుక్కుమనె. సారు ఆఫీసులో ఉన్నాడు. నేను భయపడలేదు, నిజం చెప్తాండా. మా ఇంట్లో దారం తెగడమంటే ఊపిరి పీల్చినంత మామూలు. ముడి వేస్తే మగ్గంలో అడ్డం పడుతుంది, అందుకని మేము ముడి వెయ్యము. ఒక కొస మీద ఇంకో కొస జానెడు పరిచి, గంజి తడితో పురి కలిపి, పైన సన్న పోగు చుట్టి నలుపుతాము. ఆరినాక అతుకు యాడుందో అతికినోళ్లకు తప్ప తెలియదు. అట్లా అతకడంలో మా వీధిలో నా చెయ్యికి పేరుండె. మా జేజి వేళ్లకు కూడా దొరక్కుండా అతికేదాన్ని. ఈ దారం కూడా అట్లనే అతికి, చుట్ట చుట్టి పెట్టేస్తి. జానెడు మీద జానెడు పరిస్తే జానెడు తగ్గుతుందని ఆ వయసుకు నాకు తట్టలా. పడుగులో వెయ్యి పోగులుంటాయి, ఒక పోగు జానెడు తగ్గితే పక్క పోగులతో పాటు సాగదీసి సరిచేసుకుంటారు. ఒంటి దారాన్ని సరిచేసేదెవరు.

రెండోసారి మా దూడ నమిలింది. పరికిణీ ఆరేసినప్పుడు ముడిలో దారం మరిచిపోయినా, చూసేటప్పటికి కొస దాని నోట్లో ఉంది. నోట్లోది లాగితే చొంగతో మూరెడు ముక్క చీకిపోయి వచ్చె. దాన్ని పారేసి, కొస దగ్గర మంచి పోగుతో కట్టుదిట్టం చేసి పెట్టినా. అప్పుడు మాత్రం నాకు తెలుసు, కొంచెం తగ్గిందని. సారుకు చెప్పాలని ఆఫీసు గడప దాకా పోయినా. లోపల సారు హెడ్మాస్టరుకు తన బుక్కు చూపిస్తాండాడు. ఆ బుక్కులో మా పేర్లు రాసి, పోలు నుంచి పోలుకు పరిగెత్తేదానికి ఎవరికి ఎంత టైం పట్టిందో వారం వారం రాసేవాడు. చూడండి సార్, దసరా తర్వాత అందరి టైమూ తగ్గింది, పిల్లలు ఎంత మెరుగయ్యారో అని చెప్తాండాడు. ఆయన మొహం వెలిగిపోతాండె. హెడ్మాస్టరు కూడా మొదటిసారి తలూపినాడు. నేను ఎనక్కి తిరిగి వచ్చేస్తి. మూడోసారి తెగినప్పుడు ఇంక చెప్పే ఆలోచన కూడా చెయ్యలేదు, అతికి ఊరుకుంటి.

ఆ చలికాలం ఎంత బాగుండెనో చెప్పలేను. సాయంత్రాలు ఎర్రమట్టి లేస్తాండె, సారు విజిలు, మా కేకలు. ఆడినాక గోడపక్కన కూచొని, ఎవరింట్లో ఏముంటే అది తినేది. జొన్నరొట్టెలో చుట్టిన శెనిక్కాయల పొడి, ఉప్పేసి ఉడికించిన శెనిక్కాయలు, హెడ్మాస్టరు ఇంటి పెరట్లో రాల్చిన పచ్చి చింతకాయలు. ఆ చింతకాయలు రాల్చేది నేను, పట్టుకునేది కెప్టెను. మేము రోజురోజుకూ గాలిలాగ అయిపోతాండామని బడంతా చెప్పుకునె. కెప్టెను పేరు బుక్కులో ఎప్పుడూ పైనే. పోలును చూడొద్దు, కళ్లు ఎదుటివాళ్ల మీద పెట్టి అడుగులు లెక్కపెట్టుకో, ఇన్నో అడుగుకు చెయ్యి చాపితే పోలు నీ చేతిలోనే ఉంటుంది అని సారు దానికి నేర్పినాడు. అది అట్లనే పరిగెత్తేది. తల తిప్పకుండా చెయ్యి చాపితే పోలు చేతికి తగిలేది, ఆ పట్టుతోనే అటుపక్కకు తిరిగి ఎదుటి పిల్లను తాకేది. చూసేటోళ్లకు గారడీ మాదిరి ఉండేది.

పక్కూరు నందవరం పిల్లలు ఒకసారి మాతో ఆడేదానికి బస్సులో వచ్చినారు. మా కోర్టులో వాళ్లు పోళ్లకు గుద్దుకునేది, తడబడేది, చిత్తుగా ఓడిపోయినారు. పోతా పోతా వాళ్లలో ఒక పొట్టి పిల్ల, మీ పోలు తొందరగా వస్తాందక్కా అనె. మేమందరం పడీ పడీ నవ్వితిమి. నేను కొంచెం ఆలస్యంగా నవ్వినా.

ఆదోని పోటీలకు బస్సులో పోయినాము. ఆదోనిలో దిగినామో లేదో పత్తి మిల్లుల వాసన, గింజల నూనె వాసన. కెప్టెను వాళ్ల జేజి ఆదోనిలోనే ఉంటాది. మా అందరికీ పొద్దున్నే బొరుగుల ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు పక్కన పెట్టి పంపించింది. నిండుగా తినొద్దని సారు మొత్తుకుంటానే ఉన్నాడు, మేము తింటానే ఉన్నాము. ఆ ముసలామె కెప్టెను తలమీద చెయ్యి పెట్టి ఏదో చదివి, మొగం మీద ఊదింది. తర్వాత నా తలమీదా, మిగిలిన అందరి తలలమీదా అట్లనే చేసింది. కెప్టెను వాళ్ల నాయన కూడా వచ్చి, మైదానం పక్కన తుమ్మచెట్టు కింద, తువ్వాలు తలకు చుట్టుకొని నిలబడినాడు.

మా చారల పైజామాలు చూసి ఆడ అందరూ నవ్వినారు. మొదటి ఆట మొదలయ్యేదాకానే ఆ నవ్వు. రెండు ఆటలు గెలిచినాము, ఎట్లా గెలిచినామో దేవుడికే తెలియాల, పోళ్ల దగ్గర ఒక్కటీ సరిగ్గా రాలేదు. ఈ మట్టి కొత్త, అలవాటు లేదు అని సారు సర్దిచెప్పినాడు. పోళ్ల నడుమ ఖాళీ చూస్తాంటేనే నాకు మాత్రం సంగతి తెలిసిపోయె. ఏమే నిలబడిపోతివి, ఉగ్గాని ఎక్కువ తినింటావు అనె పక్కపిల్ల.

మూడో ఆటలో ఎంచుకునే పెద్దలు బల్లేసుకొని కూచున్నారు. చివరికి ఎదుటోళ్లది ఒక్క పిల్ల మిగిలింది, టైం కొన్ని క్షణాలుంది. ఖో తీసుకొని కెప్టెను లేచింది. ఆ పిల్ల పోలు వైపు పరిగెత్తింది, మా కెప్టెను దాని ఎనకాల. తల తిప్పలేదు. నేను గడిలో కూచొని దాని పెదాలు కదలడం చూస్తాండా. కదలడం ఆగింది, చెయ్యి చాపింది. పోలు ఆడ లేదు. ఇంకొక్క అడుగు అవతల ఉంది. చేతికి గాలి దొరికె. అది బోర్లా పడింది, గడ్డం కింద చీరుకొని రక్తం కారింది. ఆ పిల్ల పోలు చుట్టి వెళ్లిపాయ. విజిలు ఊదినారు. పెద్దలు ఎదుటి టీమ్‌లో ఇద్దరు పిల్లల పేర్లు రాసుకున్నారు. మావాళ్లది ఒక్కటీ రాయలేదు. వాళ్ల నాయన వచ్చి తలగుడ్డ విప్పి దాని గడ్డానికి అదిమిపెట్టి, లేయి నాయనా, పోదాం పా అన్నాడు. కెప్టెను ఏడవలేదు. నాకు ఏడుపొచ్చింది గానీ, నాకు ఏడ్చే హక్కు యాడిదని మింగేసినా.

మర్నాడు సారు ఆదోని నుంచి టేపు తెచ్చినాడు. మా కోర్టు కొలిచినాడు. రెండోసారి కొలిచినాడు. తర్వాత ఆ తెల్ల బూట్లతోనే మట్టిలో కూలబడినాడు. తన బుక్కు తెరిచి, ఆ అంకెలన్నీ చూసుకుంటా చాలాసేపు ఉన్నాడు. దారం తెప్పించి కొస నుంచి కొస దాకా వేళ్ల నడుమ నుంచి పోనిచ్చినాడు, ఆయనకేమీ దొరకలేదు. నన్ను పిలిచి చేతికిచ్చినాడు.

"నీ వేళ్లకు బాగా తెలుస్తుంది. ఎక్కడైనా అతుకుందేమో చూసి చెప్పమ్మా."

అందరూ నిలబడి ఉన్నారు. కెప్టెను గడ్డానికి గుడ్డ కట్టుకొని నా ఎదురుగానే ఉంది. నేను దారాన్ని మెల్లగా వేళ్ల నడుమ జరిపినా. మొదటి అతుకు తగిలె, రెండోది తగిలె. కొస దాకా పోయినాక తల ఎత్తకుండా చెప్పినా.

"అతుకేమీ లేదు సార్."

అట్లయితే మొదటి రోజు నేనే తప్పు కొలిచినట్లు అన్నాడాయన. ఆ సాయంత్రమే కెప్టెను వాళ్లింటికి పోయి వాళ్ల నాయనకు కూడా అదే చెప్పినాడంట. తప్పు నాది, ఇంకొక్క ఏడాది పిల్లను బడికి పంపించండి అని బతిమాలినాడంట. వాళ్ల నాయన ఆయనకు టీ ఇచ్చి, పోనీలే సారూ, నేను కూడా మొదట్లో పరుపుకు గలీబు పొట్టిగా కుట్టినోన్నే, కొలత తప్పనోడు ఎవరున్నారు అన్నాడంట. కానీ మాట మార్చుకోలేదు. ఎండాకాలం సెలవులు కాగానే కెప్టెనును ఆదోనికి, వాళ్ల జేజి దగ్గరికి కుట్టుపనికి పంపించినారు. సారుకు బదిలీ అయింది. ప్రోగ్రెస్ కార్డులో ఆ గీత పోయింది, డ్రిల్లు పీరియడు మళ్లీ లెక్కల సారుకు పోయింది. నేను పదో తరగతి ఆ లెక్కల్లోనే తప్పి, మళ్లీ రాసి గట్టెక్కినా.

తర్వాత కెప్టెనూ నేనూ కలవలేదని కాదు. పెళ్లిళ్లలో, బస్టాండులో, బట్టల అంగడి ముందర కలుస్తానే ఉంటిమి. పిల్లల సంగతి, మోకాళ్ల నొప్పుల సంగతి మాట్లాడుకునేది. ఆ సంగతి మాత్రం నేను ఎత్తలేదు, అదీ ఎత్తలేదు. దాని గడ్డం కింద మచ్చ చూసినప్పుడల్లా ఏదో ఒక సాకు చెప్పి ముందరే లేచి వచ్చేదాన్ని.

పోయిన ఏడాది ఈ మనవరాలి మంచానికి పరుపు కావాలంటే, ఇంట్లోవాళ్లు ఫోనులో బుక్ చేస్తామన్నారు. నేను ఒప్పుకోక ఆదోనికి పోయినా. కెప్టెనుది ఆడ పరుపుల అంగడి. కొడుకు చూసుకుంటాడు, అది పక్కన కూచొని చేత్తో కుట్టాల్సినవి కుడుతుంది. దూదేకే బద్ద గోడకు తగిలించి ఉంది, పని మాత్రం మిషనుదే. దూది దుమ్ము, టీ వాసన. కొడుకు బయటికి పోయినాడు. ఏమైందో తెలియదు, ఆ చారల గుడ్డ చూసినందుకో ఏమో, నా నోట్లోంచి వచ్చేసింది.

"మే, ఆ దారం నేనే అతికినా. దూడ నమిలింది కూడా దాచిపెట్టినా. సారుకు అబద్ధం సెప్పినా."

అది దారం కొస పండ్లతో కొరికి, సూది గుడ్డకు గుచ్చి పెట్టె.

"తెలుసు."

ఎట్లా తెలుసు అని అడిగితే, నిదానంగా చెప్పింది.

"దసరాకు ముందర పోలు నుంచి పోలుకు పందొమ్మిది అడుగులు పడతాండె. తర్వాత పద్దెనిమిది. ఒక్క నెల్లో నాకు కాళ్లు పొడుగైతాయా యాడన్నా? కోర్టు తగ్గిందని నాకు ఆ పొద్దే తెలిసె."

"మరి సారుకు సెప్పలేదేమే?"

"ఎట్లా సెప్పేది? సెప్తే సారు బుక్కులో నా పేరు పక్కన రాసిందంతా కొట్టేస్తాడు. నాకు పుట్టినకాడ్నుంచి ఒకరు మార్కులేసింది ఆ ఒక్కదాంట్లోనే."

ఆదోనిలో కోర్టు పెద్దదని దానికి తెలుసంట. పందొమ్మిది, పందొమ్మిది అని తనకు తానే చెప్పుకుంటా లేచిందంట. కాళ్లు వినలేదు, పద్దెనిమిదో అడుగుకే చెయ్యి పోయిందంట. మిమ్మల్నందరినీ నేనే ఓడగొడితినని ఇన్నేళ్లూ మీలో ఎవరి మొగమూ సరిగ్గా చూడలేకపోయినా, నువ్వు బస్టాండులో తొందరగా లేచి పోతాంటే నా మీద కోపంతోనే పోతాండావనుకుంటి అనె. ఇప్పటికీ మెట్లెక్కితే లెక్కపెట్టుకుంటానే ఎక్కుతుందంట.

నేను ఆ దూది కుప్ప పక్కన కూచొని ఏడ్చినా. సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటా, పొట్టనిండా ఏడ్చినా. అది కూడా ఏడ్చింది, కానీ తక్కువ. తర్వాత ఇద్దరికీ సారు గుర్తొచ్చినాడు. పాపం, తప్పు చెయ్యనోడు ఆయనొక్కడే, ఒప్పుకున్నోడూ ఆయనొక్కడే. ఇప్పుడు యాడున్నాడో, ఉన్నాడో లేదో. టీ తెప్పించింది. తాగి, నేను ఇచ్చిన మంచం కొలతకు గుడ్డ పరిచి, ఆ కొస పట్టుకోవే అనె. పట్టుకున్నా.

ఆ పొద్దు అది ఎంపికయ్యింటే ఏమయ్యేదో అని నేను ఇప్పటికీ అనుకుంటా. జిల్లాకు పోయేదేమో, కాలు విరగ్గొట్టుకొని తిరిగొచ్చేదేమో, డ్రిల్లు టీచరయ్యేదేమో. ఏమీ కాకపోయినా, ఒక ఏడాది ఎక్కువ చదివేది. ఆ ఏడాది నా పరికిణీ ముడిలో ఉండిపాయ. దానికి నేను ఏమి ఇచ్చినా తీరదు, అది అడగలేదు కూడా.

మా మనవరాలు పుస్తకం లేకపోయినా ఇంకా బట్టీ కొడతానే ఉంది. నాకు పట్టలేదు. చెప్పులేసుకొని లే అన్నా. మా ఇంటాయన గోడకు తగిలించిన మేస్త్రీ టేపు తీసి, వీధిలోకి పోయినాము. ఇప్పుడు మా వీధిలో మగ్గాల చప్పుడు నాలుగిండ్లలోనే, పడుగు సాగదీసేవాళ్లే లేరు. సాయంత్రం పూట వీధి ఖాళీ. పుస్తకంలో ఉన్న కొలత ఒకటికి రెండుసార్లు టేపుతో కొలిచి, ఈ కొసన ఒక ఇటుక, ఆ కొసన ఒక ఇటుక పెట్టించినా. ఇటుకను చూడకుండా, అడుగులు లెక్కపెట్టుకుంటా పరిగెత్తు అన్నా. మొదట సిగ్గుపడింది. పక్కింటోళ్లు చూస్తారవ్వా అనె. చూడనీ అన్నా.

పరిగెత్తింది. జడలు ఎగురుతా, నోట్లో అంకెలు గొణుక్కుంటా పరిగెత్తింది. ఆ కొసన నిలబడి రొప్పుతా అరిచింది.

"ఇరవై మూడవ్వా."

దాని పుస్తకంలో కోర్టు పటం పక్కన ఖాళీ జాగాలో, సారు రాసినట్లే, దాని పేరు రాసి ఎదురుగా ఇరవై మూడు అని వేసినా. ఈసారి కొలత సరిగ్గానే ఉండింది.